చేవెళ్ల రోడ్డు: తప్పు మర్రిచెట్లదా, టిప్పర్లదా? (ఒక ఆన్‌లైన్ గ్రూపులో చర్చ; పేర్లు సభ్యులు పెట్టుకున్నవి)

తాండూరు బస్సు: 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దితే 19 మంది పోయారు. హైదరాబాద్ శివారు అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఈ రోడ్డు 46 కిలోమీటర్ల విస్తరణ, మర్రిచెట్లు కొట్టొద్దని వేసిన కేసుతో ఏళ్లు నానింది. మధ్యలో డివైడర్ ఉంటే టిప్పర్ బస్సు వైపు వచ్చేదా? చెట్ల ప్రేమికులు జవాబు చెప్పాలి.

మర్రినీడ: కేసు వేసినవాళ్లు రోడ్డు వద్దనలేదు, చెట్లు కొట్టకుండా వేయమన్నారు. బస్సులో చాలామంది కంకర కింద కూరుకుపోయారు. ఆ కంకర చెట్టు పోసిందా? అంత లోడు, పైన టార్పాలిన్ కూడా లేదు.

రెండు టిప్పర్లు: టార్పాలిన్ కడితే ఆ దెబ్బకు ఆగుతుందా?

మర్రినీడ: నేనంటున్నది బరువు గురించండీ.

రెండు టిప్పర్లు: టార్పాలిన్ అన్నది మీరే. ఆగుతుందా, ఆగదా?

కొత్త సభ్యుడు: 2024 డిసెంబరులో ఇదే రోడ్డు మీద, ఆలూరు స్టేజి దగ్గర కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ ఎక్కింది. వాళ్లు రోడ్డు పక్కనే కూర్చున్నారు. డివైడర్ ఏం చేసేది?

తాండూరు బస్సు: ఆరేళ్ల కింద మా బావ ఈ రోడ్డు మీదే గుంత తప్పించబోయి లారీ కింద పడ్డాడు. అక్క ఇద్దరు పిల్లలతో మా ఇంట్లోనే ఉంటోంది. హెల్మెట్ లేదని ఇన్సూరెన్సువాళ్లు కోర్టులో ఇంకా సాగదీస్తున్నారు. మీరేమో ఆదివారం కారులో వచ్చి మర్రిచెట్ల కింద ఫొటోలు దిగి పోతారు.

రెండు టిప్పర్లు: అందరికీ మేమే దొరికాం. నాకు డబ్బులిచ్చేది టన్ను లెక్కన. లోడు తగ్గిస్తే కిస్తీ వెళ్లదు. ఎక్కువ పోసే క్రషర్‌ను, దించుకునే కాంట్రాక్టరును ఒక్కరైనా అడిగారా?

మర్రినీడ: మీ బావగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. కానీ నేను సిటీవాణ్ని కాను, మా ఇల్లు ఈ రోడ్డు మీదే. మా అమ్మ రోజూ పాలక్యాను పట్టుకుని రోడ్డు దాటాలి. విజయవాడ హైవేకి నాలుగు లేన్లున్నాయి, డివైడరూ ఉంది. అక్కడ ఊళ్ల దగ్గర దాటేవాళ్లు చావట్లేదా? రోడ్డు వెడల్పయితే మీకు అరగంట కలిసొస్తుంది. మా అమ్మ ఎక్కడ దాటాలి?

తాండూరు బస్సు: అరగంటంటే మీకు తమాషాగా ఉందేమో. సీరియస్ కేసయితే మాకు హైదరాబాదే గతి. అంబులెన్సు టిప్పర్ వెనకాల పాకుతుంటే లోపల కూర్చుని చూశారా ఎప్పుడైనా?

మర్రినీడ: చూడలేదు. ఊరూరికీ అండర్‌పాస్ వేయమని మీరూ సంతకం పెట్టండి, విస్తరణకు నేను అడ్డు రాను. చెట్ల దగ్గర మాత్రం తగ్గను.

తాండూరు బస్సు: ముందు రోడ్డు పడనివ్వండి.

రెండు టిప్పర్లు: టార్పాలిన్ సంగతి తేల్చనేలేదు.