1962 జీఎంసీ పికప్‌లో ఉన్న 305 వీ6 ఇంజన్‌ను ఉంచుకోవాలా, తీసేసి వీ8 బిగించుకోవాలా?

చర్చ ప్రారంభించినవారు:

చాలా ఏళ్లుగా షెడ్డులో కదలకుండా పడి ఉన్న 1962 నాటి జీఎంసీ (జనరల్ మోటార్స్ వారి ట్రక్కుల పేరు) అరటన్ను పికప్ ట్రక్కు ఒకటి ఇటీవల నా చేతికి వచ్చింది. క్యాబిన్‌కు గానీ ఛాసిస్‌కు గానీ చెప్పుకోదగ్గ తుప్పు లేదు. బానెట్ ఎత్తి చూస్తే కంపెనీ నుంచి వచ్చిన 305 క్యూబిక్ అంగుళాల వీ6 ఇంజన్ (V ఆకారంలో రెండు వరుసలుగా ఆరు సిలిండర్లు), దాని వెనుక నాలుగు గేర్ల గేర్‌బాక్స్ అలాగే ఉన్నాయి. నిలిపేనాటికి బండి నడిచేదని పాత యజమాని చెప్పారు కానీ, నేను ఇంతవరకు స్టార్ట్ చేయలేదు. నాకు ఎంతో కాలంగా తెలిసిన ఒక మెకానిక్, ఈ ఇంజన్ మీద ఒక్క రోజు కూడా వృథా చేయవద్దనీ, షెవర్లే 350 వీ8 (350 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్) తెచ్చి బిగిస్తే జీవితాంతం చింత ఉండదనీ గట్టిగా చెబుతున్నారు. వారాంతాల్లో సామాను వేసుకుని తిరగడం, అప్పుడప్పుడు హైవే మీద ఒకటి రెండు గంటలు ప్రయాణించడం, ఇదే నా అవసరం. ఇంత అరుదైన ఇంజన్‌ను ఉంచుకోవడంలో అర్థం ఉందా, లేక అరుదు అన్న మాటకు నేను మోసపోతున్నానా, అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మార్చాలనే పక్షం:

మీ మెకానిక్ చెప్పినదే నా మాట కూడా. ఇటువంటి ఇంజన్‌తోనే నేను మూడేళ్లు అవస్థపడ్డాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. నీళ్ల పంపు కారడం మొదలుపెట్టిన రోజున నాకు కొత్త పంపు దొరకలేదు. పాతదానినే విప్పి, బేరింగూ సీలూ మార్పించి తిరిగి బిగించేసరికి ఆ వేసవి అంతా గడిచిపోయింది. షెవర్లే 350 అయితే 1967 నుంచి దశాబ్దాల పాటు లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి, దాని పంపు, గాస్కెట్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు ఏ విడిభాగాల దుకాణంలోనైనా అదే రోజు దొరుకుతాయి. పైగా ఈ వీ6 చాలా బరువు, పెట్రోలు విపరీతంగా తాగుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండిలో ఆ బరువంతా ముందు చక్రాల మీద పడితే, మలుపు తిప్పిన ప్రతిసారీ మీ భుజాలకే తెలుస్తుంది. హైవే మీద ఆ ఇంజన్ అరుస్తూనే ఉంటుంది తప్ప వేగం రాదు. బండిని వాడుకోవాలని కొన్నారు గనుక వాడుకునే బండిగానే దాన్ని తయారుచేసుకోండి.

ఉంచాలనే పక్షం:

విడిభాగాల గురించి పై సభ్యులు చెప్పింది అక్షరాలా నిజమని ముందుగానే ఒప్పుకుంటాను. అయినా ఆ ఇంజన్ ఏమిటో తెలుసుకోకుండా, దాన్ని ఒక్కసారైనా కొలిచి చూడకుండా తీసేయడం తొందరపాటు అవుతుందని నా దృఢమైన అభిప్రాయం.

1960లో జీఎంసీ ఈ వీ6 కుటుంబాన్ని ట్రక్కుల కోసమే ప్రత్యేకంగా తీసుకొచ్చింది. 305, 351, 401 అని మొదలై తర్వాత 478 క్యూబిక్ అంగుళాల వరకు వెళ్లిన ఈ కుటుంబంలో మీది అన్నిటికంటే చిన్నది. ఏదో కారు ఇంజన్‌ను సాగదీసి ట్రక్కులో పెట్టిన సరుకు కాదిది. అదే కుటుంబం నుంచి పెద్ద లారీల కోసం 702 క్యూబిక్ అంగుళాల పన్నెండు సిలిండర్ల ఇంజన్ కూడా పుట్టింది. ఒకే పొడవాటి బ్లాకు మీద ఈ వీ6 హెడ్‌ల వంటివి నాలుగు బిగించి దాన్ని తయారుచేశారు.

రెండు సిలిండర్ వరుసల మధ్య కోణం 60 డిగ్రీలు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ మీద, వాటిని దానికి కలిపే ఆరు కనెక్టింగ్ రాడ్లకూ ఆరు విడివిడి పిన్నులు ఉన్నాయి. అందువల్ల క్రాంకు 120 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్ మండుతుంది, అందులో ఎక్కడా ఎగుడుదిగుడు ఉండదు. 1962లో బ్యూక్ తన కార్ల కోసం తెచ్చిన వీ6లో వరుసల మధ్య కోణం 90 డిగ్రీలు, పిన్నులు మూడే. దాని మంటల మధ్య విరామం సమానంగా ఉండదు కాబట్టి ఐడ్లింగ్‌లో బండి ఊగేది. 1977లో పిన్నులను చీల్చి అమర్చాకే ఆ దోషం పోయింది. మీ ట్రక్కులోని ఇంజన్‌కు ఆ జబ్బు మొదటి రోజు నుంచీ లేదు. వీ6 అనగానే నాసిరకం, సగం కోసిన వీ8 అనే అభిప్రాయం చాలామంది మెకానిక్‌లలో పాతుకుపోయి ఉంది కనుకనే ఇంత వివరంగా చెబుతున్నాను.

సిలిండర్ బోరు 4.25 అంగుళాలు, స్ట్రోకు 3.58 అంగుళాలు. అంటే పిస్టన్ వెడల్పు ఎక్కువ, అది నడిచే దూరం తక్కువ. దీని టార్కు (తిప్పే బలం) 260 పౌండ్-అడుగులు, అదీ నిమిషానికి 1600 చుట్ల దగ్గరే అందుతుంది. 150 హార్స్‌పవర్ అని రాసి ఉండే అంకె, ఆనాటి పద్ధతి ప్రకారం ఫ్యాను, పూర్తి ఎగ్జాస్ట్ వంటి భారాలేవీ లేకుండా బెంచి మీద కొలిచినది కాబట్టి, నేటి అంకెలతో దాన్ని నేరుగా పోల్చకూడదు. కంప్రెషన్ నిష్పత్తి 7.75 మాత్రమే గనుక సాధారణ పెట్రోలుతోనే డిటోనేషన్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) లేకుండా నడుస్తుంది. స్పార్క్ ప్లగ్గులు బయటి వైపున ఎగ్జాస్ట్ పక్కన కాకుండా లోపలి వైపున, రెండు వరుసల మధ్య లోయలో ఉంటాయి. ప్లగ్గు మార్చాలంటే నిలబడిన చోటి నుంచే పానా అందుతుంది, వేడి ఎగ్జాస్ట్ పైపుకు చేయి కాలదు. పాత వీ8లో ప్లగ్గులు మార్చినవారికి ఈ సుఖం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. దయచేసి ముందు తాళం తిప్పకండి. ఏళ్ల తరబడి కదలని ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అంటుకుని ఉండవచ్చు. ఆ స్థితిలో స్టార్టర్ మోటారుతో బలవంతాన తిప్పితే రింగు విరిగి, బాగున్న బోరు కూడా గీతలు పడిపోతుంది. ఆరు ప్లగ్గులూ విప్పి, ప్రతి సిలిండర్‌లోకీ కొద్దిగా పలుచని నూనె పోసి, రెండు మూడు రోజులు ఆగండి. తర్వాత క్రాంకు ముందున్న బోల్టుకు పొడవాటి పానా వేసి చేత్తోనే నెమ్మదిగా తిప్పండి. మొదట ఒక అర అంగుళం కదిలి ఆగిపోతే, బలం పెట్టకుండా వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి బుసబుసమని గాలి, దానితోపాటు నల్లటి నూనె చుక్కలు వస్తూ రెండు పూర్తి చుట్లు తిరిగిందంటే, ఆ ఇంజన్ పట్టేయలేదని అర్థం.

ఆ తర్వాత నూనె, ఫిల్టర్ మార్చి, ట్యాంకులోని పాత పెట్రోలు పూర్తిగా పారబోసి, కొత్త పెట్రోలుతో నడిపి, వేడెక్కాక థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఆరు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలిచి చూడండి. దీని కంప్రెషన్ నిష్పత్తే తక్కువ కాబట్టి కొత్త కారు ఇంజన్‌లో వచ్చే అంకెలు రావు, వాటిని చూసి కంగారుపడవద్దు. అన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. అన్నిటికంటే తక్కువ వచ్చిన సిలిండర్, ఎక్కువ వచ్చినదానిలో కనీసం నాలుగింట మూడు వంతులు ఉండాలి. ఏదైనా బాగా తక్కువ వస్తే అందులో ఒక చెంచా నూనె పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగాయని, ఇంజన్ బోరుకు (సిలిండర్లను మళ్లీ కోసి వెడల్పు చేసే పనికి) వచ్చిందని అనుమానించాలి. పెరగకపోతే తప్పు వాల్వ్ దగ్గరో, హెడ్ గాస్కెట్ దగ్గరో ఉంది. ఈ రెండింటికీ అయ్యే పని, ఖర్చు పూర్తిగా వేరు. ఈ ఒక్క కొలత లేకుండా మనమెవరం ఏం చెప్పినా అది ఊహే అవుతుంది.

మార్చాలనే పక్షం:

చరిత్ర చక్కగా చెప్పారు, కానీ చరిత్రతో బండి నడవదు. ఒకవేళ బోరుకే వచ్చిందనుకుందాం. ఓవర్‌సైజు పిస్టన్లు ఎక్కడ వెతకాలి? వాటి కోసం ఎంతకాలం ఆగాలి? ఈ ట్రక్కు ప్రదర్శనశాలకు వెళ్లేది కాదు. మామూలు పనిబండి కాబట్టి, ఒరిజినల్ ఇంజన్ ఉన్నంత మాత్రాన దాని విలువ పెద్దగా పెరగదు. హైవే సంగతికి మీరు జవాబు చెప్పనే లేదు.

ఉంచాలనే పక్షం:

హైవే సంగతి దాటవేయాలని కాదు, అది ఇంజన్ తప్పు కాదు కాబట్టి విడిగా చెబుదామనుకున్నాను. ఈ ట్రక్కులకు వెనుక యాక్సిల్‌లో బరువులు లాగడానికి అనువైన నిష్పత్తి వేశారు. నాలుగు గేర్ల పెట్టెలో ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ చుట్లు తగ్గించే పై గేరు) లేదు. చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ అన్నేసి చుట్లు తిరగాల్సి వస్తే ఏ ఇంజన్ అయినా అరుస్తుంది. అదే యాక్సిల్ ఉంచి 350 పెట్టినా అరుపు తగ్గదు, కాకపోతే ఆ ఇంజన్ ఎక్కువ చుట్లు ఓర్చుకుంటుంది. ఇంజన్ తక్కువ చుట్లు తిరిగేలా యాక్సిల్ గేర్లు మార్చితే, తక్కువ చుట్ల దగ్గరే లాగే ఈ వీ6కు దానివల్ల మేలే జరుగుతుంది. వేగం అందుకోవడం, బరువు లాగడం కొద్దిగా తగ్గినా హైవే మీద అరుపు తగ్గుతుంది.

బరువు విషయంలో మీతో వాదించను, స్టీరింగ్ బరువుగానే ఉంటుంది. అయితే మార్పిడి అంటే ఒక ఇంజన్ దింపి మరొకటి ఎక్కించడంతో ముగిసిపోదు. మౌంట్లు, రేడియేటర్ గొట్టాలు, ఎగ్జాస్ట్, థ్రాటిల్ లింకేజీ, క్లచ్ అమరిక, అన్నీ మళ్లీ చూసుకోవాలి. 1960 నుంచి 1962 వరకు వచ్చిన ఈ తేలిక ట్రక్కుల ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగుల బదులు టార్షన్ బార్లు (మెలితిరిగి బరువు మోసే ఉక్కు కడ్డీలు) ఉంటాయి. బరువైన ఇంజన్ తీసి తేలికైనది పెడితే ముందు భాగం లేచిపోతుంది, బార్లను మళ్లీ సర్ది చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి. ఇవన్నీ చేయదగినవే, కానీ మార్పిడి ఖర్చు చెప్పేటప్పుడు వీటిని లెక్కలో వేసేవారు తక్కువ.

విలువ గురించి నా మనసులోని మాట ఒకటుంది. రెండూ జనరల్ మోటార్స్ పేర్లే కాబట్టి, ఆ ఏళ్లలో షెవర్లే, జీఎంసీ తేలిక ట్రక్కుల క్యాబిన్, ఛాసిస్ చాలావరకు ఒకటే. ముందు ముఖం, పేరు పక్కన పెడితే జీఎంసీని జీఎంసీగా నిలిపింది ఈ ఇంజనే. అందుకే వాళ్లు బండి మీద వీ6 అనే బిళ్లను అంత గర్వంగా బిగించారు. షెవర్లే ఇంజన్ పెట్టిన మరునాడు అది జీఎంసీ ముఖం తగిలించుకున్న షెవర్లే అవుతుంది. అటువంటివి వీధికొకటి ఉన్నాయి. ఇది అమ్మకపు ధర గురించి చెబుతున్న మాట కాదు.

అలాగని ఎలాంటి స్థితిలోనైనా ఉంచుకోమని నేను అనను. చలికి నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగిలినా, రాడ్డు విరిగి బ్లాకుకు కన్నం పడినా, క్రాంకు పిన్నులు గ్రైండింగ్‌కు కూడా అందనంతగా తినేసినా, అక్కడితో ఆపి 350 పెట్టుకోమని నేనే చెబుతాను. పిస్టన్లు దొరక్క ఏడాది పైగా ఆగాల్సి వచ్చినా మీరు తప్పక వాడుకోవాలనుకుంటే మార్చుకోవచ్చు. అప్పుడు కూడా పాత ఇంజన్‌ను తుక్కుకు అమ్మకుండా, నూనె పట్టించి, రంధ్రాలన్నీ మూసి, ఒక చట్రం మీద బండితోపాటే దాచండి. ఛాసిస్‌ను కోయకుండా, వెల్డింగ్ చేయకుండా, బోల్టులతో విప్పదగినట్లు మార్పిడి చేయించండి.

చర్చ ప్రారంభించినవారు:

మీ ఇద్దరి మాటలూ చదివి ఈ రెండు వారాలు ఇంజన్ దగ్గరే గడిపాను. చెప్పినట్టే నూనె పోసి మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు పానాతో తిప్పితే మొదట బిగుసుకుని, తర్వాత ఒక్కసారిగా వదులై తిరిగింది. కార్బురేటర్ శుభ్రం చేసి, పాయింట్లు గీకి, డబ్బాలోంచి పెట్రోలు పెడితే మూడో ప్రయత్నంలో అందుకుంది. తెల్లటి పొగ కొంతసేపు వచ్చి ఆగిపోయింది, కానీ ఒక సిలిండర్ మిస్సింగ్ స్పష్టంగా వినిపించింది. వేడెక్కాక కొలిస్తే ఐదు సిలిండర్లలో చదరపు అంగుళానికి 115 నుంచి 125 పౌండ్ల మధ్య వచ్చింది. ఎడమ వరుసలో మధ్య సిలిండర్‌లో మాత్రం 60 దగ్గరే ఆగింది. నూనె పోసి మళ్లీ చూస్తే 65. నూనెలో నీళ్లు కలిసిన తెల్లదనం లేదు, రేడియేటర్‌లో బుడగలు లేవు.

మార్చాలనే పక్షం:

ఆ అంకెలు చూశాక నేను కూడా ఇంజన్ దింపమని చెప్పను. ఐదు బాగుండి ఒకటి అలా ఉందంటే, నూనె పోసినా పెద్దగా పెరగలేదంటే, చాలావరకు ఎగ్జాస్ట్ వాల్వే కాలిపోయి ఉండాలి. ఆ ఒక్క హెడ్ దింపితే సరిపోతుంది. హెడ్ బయటకు వచ్చినప్పుడే వాల్వ్ వచ్చి ఆనే సీటు రింగులు చూడండి, అరిగి ఉంటే గట్టి లోహంతో చేసినవి వేయించండి. సీసం కలిపిన పెట్రోలు 1996 నుంచి అమెరికా రోడ్డు బండ్లకు లేదు, మెత్తటి సీటు ఇప్పటి పెట్రోలుకు నిలవదు. ఒక్క విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. హెడ్ గాస్కెట్, నీళ్ల పంపు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు, ఈ మూడూ కంటపడిన చోటల్లా ఇప్పుడే రెండేసి కొని పెట్టుకోండి.

చర్చ ప్రారంభించినవారు:

క్యాపులు రెండు దొరికాయి. గాస్కెట్ సెట్టుకు ఆర్డర్ పెట్టాను, అది చేతికి వచ్చాకే హెడ్ విప్పుతాను. పంపు కోసం వెతుకుతున్నాను.