బెళ్లందూరు చెరువు నురగపై ప్రాజెక్టు: ఆధారాలను ఎలా పేర్కొనాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరులో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, బెళ్లందూరు చెరువులో నురగ ఎందుకు పుడుతుందన్న అంశాన్ని సైన్సు ప్రాజెక్టుగా ఎంచుకుంది. మురుగునీటితో చేరే డిటర్జెంట్లు నీటి తలతన్యతను తగ్గించడం వల్ల, అలుగు దగ్గర నీరు ఎత్తు నుంచి పడి గాలితో కలిసినప్పుడు నురగ పొంగుతుందని పరిశోధన వ్యాసాల్లో చదివాం. 2017 ఫిబ్రవరిలో చెరువులో మంటలు లేచిన సంగతికి మాత్రం పత్రికా వార్తలే దొరికాయి. ఘటన జరిగిందనడానికి అవి చాలు గానీ, కారణానికి ఆధారంగా చూపడం నాకు సమంజసంగా తోచడం లేదు. కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి నీటి నాణ్యత పట్టికలకు రచయిత పేరు లేనప్పుడు మండలినే రచయితగా రాయవచ్చా? ఒక వ్యాసం మరో పాత వ్యాసంలోని అంకెను ఉటంకిస్తే, మేము చదవని ఆ మూలాన్ని జాబితాలో చేర్చడం సబబేనా? తెలిసినవారు ఒక నమూనాతో వివరించగలరని మనవి.