సమస్య: కత్తి దిగకుండ నెత్తురు గారె నకట (హిచ్‌కాక్ వారం)

నిర్వాహకుడు:
ఈ వారమంతా ఉత్కంఠ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్. ఇది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. సమస్య ఇదీ:

కత్తి దిగకుండ నెత్తురు గారె నకట

షరతు ఒకటే. కత్తి ఎందుకు దిగలేదో, నెత్తురు ఎక్కడ కారిందో, రెండూ ఆయన సినిమాలోంచే రావాలి. సినిమా పేరు పద్యంలో ఇరికించనక్కరలేదు, కింద రాయండి చాలు. పురాణాలకు పోవద్దు. భీముడు కీచకుణ్ణి పిడిగుద్దులతో చంపాడని ఎవరైనా పంపితే తీసేస్తాను.

పాత రీలు:
స్నానగృహమునఁ బడతిపై సాగె వేటు,
తెఱను గత్తెర ముక్కలే తీర్చె మాయ,
చాకొలెటు పానకము నీట జాలువాఱ
కత్తి దిగకుండ నెత్తురు గారె నకట!

('సైకో', 1960.) స్నానాల గదిలో హత్య తెర మీద ముప్పావు నిమిషం. దానికోసం 7 రోజుల షూటింగు, 78 కెమెరా కోణాలు, 52 కత్తిరింపులు. ఎత్తిన చెయ్యి ఒక ముక్కలో, ఒళ్ళు ఇంకో ముక్కలో, నీళ్ళ గొట్టం మరో ముక్కలో. కత్తి మొన పొట్టను తాకినట్టు కనిపించే ఫ్రేములు కొన్ని ఉన్నాయి గానీ, వాటిలోనూ తెగిన గుర్తు లేదు. నలుపు తెలుపులో తీశారు గనుకే చాక్లెట్ పానకం నెత్తురైంది. ఆ చిక్కదనం, ఆ ముదురు రంగు నీళ్ళలో కలిసి తూము వైపు పారుతుంటే కన్ను నమ్మేస్తుంది. రంగుల్లో ఇది కుదరదు.

తెలుగు మాస్టారు:
పూరణ బాగున్నది. అయితే మూడవ పాదం చివర 'జాలువాఱ' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న పదం. దాని మీద 'కత్తి' నిలవదు, 'గత్తి' కావాలి.

పాత రీలు:
పాదాంతంలో విరామం ఉంది మాస్టారూ.

నిర్వాహకుడు:
'జాలువాఱఁ / గత్తి' అని రాసుకుంటే సమస్యా చెడదు, యతీ చెడదు. మొదటి అక్షరం సరళం కావడానికి ఇక్కడ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ముందుకు వెళ్దాం.

కృష్ణాతీరం:
'తెఱను గత్తెర ముక్కలే తీర్చె మాయ' అన్న పాదం చాలు, ఆ దృశ్యం మీద వచ్చిన వ్యాసాలన్నీ అందులో ఇమిడిపోయాయి. అయితే మీరు కన్ను రాశారు, చెవిని వదిలేశారు. కర్బూజా జాతి పండును కత్తితో పొడిచి ఆ చప్పుడు రికార్డు చేశారు. ఆ దృశ్యానికి సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యాలతో చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. సినిమా అంతటా ఊదే వాద్యం ఒక్కటీ లేదు, డప్పు లేదు. కమానుతో లాగే తీగలు మాత్రమే. శబ్దం తీసేసి ఆ ముప్పావు నిమిషం చూడండి, సగం కత్తిపోట్లు మాయమవుతాయి. పాత రీలు గారి పద్యం అలా శబ్దం తీసి చూసినట్టుంది.

ఇక నా పూరణ:

ఉరిని బిగియింప వచ్చిన యొకని వెన్ను
కుట్టు కత్తెరఁ బట్టి తా గ్రుచ్చెఁ బడతి;
నేలఁ బడినంత నది యింక నిగిడె లోన,
కత్తి దిగకుండ నెత్తురు గారె నకట!

('డయల్ ఎం ఫర్ మర్డర్', 1954.) భార్యను చంపమని భర్త పురమాయించినవాడి వెన్నులో దిగింది కత్తెర. వాడు వెల్లకిలా పడటంతో మిగతా సగం కూడా లోపలికి పోతుంది. త్రీడీలో తీసిన సినిమా ఇది. భార్య వేషం వేసిన గ్రేస్ కెల్లీ చెయ్యి వెనక్కి, అంటే చూసేవాళ్ళ వైపుకి చాచి కత్తెర కోసం తడుముకుంటుంది. త్రీడీని ఆయన నిజంగా వాడుకున్న చోటు అదే. మిగతా అంతా దీపాలూ సీసాలూ ముందు పెట్టి గదికి లోతు చూపించడంతో సరిపెట్టాడు.

మానేరు:
కత్తెర! సమస్యకు తాళంచెవి అక్కడే దొరికింది కృష్ణాతీరం గారూ. టైటిల్లో ఉన్న 'ఎం' అక్షరం మీద వేలు పెట్టే క్లోజప్ కూడా చెప్పాల్సింది. త్రీడీ కెమెరా అంత దగ్గరగా ఫోకస్ చెయ్యలేదని పెద్ద ఫోనూ, దానికి తగ్గ పెద్ద వేలూ బొమ్మగా చేయించి తీశారు.

పాత రీలు:
కత్తెర పట్టుకోవడం తెలివైన పనే, ఒప్పుకోవాలి. పద్యం మాత్రం తప్పు చోట మొదలైంది. ఆ దృశ్యంలో ఉత్కంఠ కత్తెర రాకముందే అయిపోయింది. ఆమెను మంచం మీంచి లేపడానికి భర్త బయటి నుంచి ఫోను చెయ్యాలి. అతని చేతిగడియారం ఆగిపోతుంది. ఫోను చెయ్యబోతే బూత్‌లో ఇంకొకడున్నాడు. ఇక్కడ ఇంట్లో తెర వెనక దాక్కున్నవాడు ఇక ఫోను రాదనుకుని వెళ్ళిపోబోతుంటాడు. ఆ క్షణంలో ఫోను మోగాలని చూసేవాళ్ళే కోరుకుంటారు, మోగితే ఆమె మెడకు ఉరి పడుతుందని తెలిసి కూడా! హిచ్‌కాక్ అంటే అది. మీ పద్యంలో గడియారం లేదు, ఫోను లేదు. పాలగ్లాసు సమస్యకూ ఇలాగే ఫలితం రాసి కారణం వదిలేశారు.

కృష్ణాతీరం:
నాలుగు పాదాలు, అందులో ఒకటి మీది కాదు. మిగిలిన మూడింట్లో ఫోనూ గడియారమూ కత్తెరా మూడూ పెట్టి చూపించండి, నేను నేర్చుకుంటాను. పాలగ్లాసు మాట ఎత్తారు గనుక ఇక్కడే తేల్చుకుందాం.

నిర్వాహకుడు:
కొత్తవాళ్ళ కోసం: పోయిన నెల సమస్య 'పాలలో దీపమును బెట్టి పాపి నవ్వె'. భర్త తనను చంపుతాడేమోనని భార్య అనుమానించే 'సస్పిషన్' (1941) మీద కృష్ణాతీరం గారి పూరణకు ఎక్కువ మెప్పు వచ్చింది.

పాత రీలు:
వచ్చింది. అందులో దోషం అప్పుడే చెప్పాను. పాలలో బల్బు పెట్టినవాడు హిచ్‌కాక్. చీకటి మెట్ల మీద భర్త వేషం వేసిన కేరీ గ్రాంట్ పాలగ్లాసుతో పైకి వస్తుంటే మన కన్ను అతని ముఖం మీదికి పోకుండా గ్లాసు మీదే నిలవాలని దాని లోపల దీపం పెట్టించాడు. కాబట్టి పాదంలో 'పాపి' దర్శకుడైనా కావాలి, భర్తయినా కావాలి. మీరు భర్తను పాపిని చేశారు. సినిమా చివరికి అతను హంతకుడు కాదని తేలుతుంది గదా!

కృష్ణాతీరం:
తరువాత ఆయనే చెప్పినదాని ప్రకారం, హంతకుణ్ణి చెయ్యాలనే హిచ్‌కాక్ అనుకున్నాడు. స్టూడియోకి అది నచ్చలేదట, అందుకే ముగింపు అలా మారింది. నేను రాసింది గ్లాసు మెట్లెక్కుతున్న ఆ కాసేపటి సంగతి. ఆ కాసేపట్లో అతను హంతకుడే. ఆమెకూ, మనకూ. చివరి రీలులో నిర్దోషి అయినంత మాత్రాన మెట్ల మీది భయం వెనక్కి పోదు.

పాత రీలు:
ఈ మాట అప్పుడు పద్యం కింద రాసుంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు.

గోస్తని:
మీ ఇద్దరి పాలగ్లాసు చల్లారేలోపు నా పూరణ:

తెల్ల రవికె చేతిపయిని దిగెను బొట్టు,
ఎఱ్ఱసిర యది, యామెకో యెదను పాత
గాయమే విచ్చె లెక్కల గదిని నాఁడు,
కత్తి దిగకుండ నెత్తురు గారె నకట!

('మార్నీ', 1964.) ఆఫీసులో ఎర్ర సిరా చుక్క చొక్కా చేతి మీద పడగానే నాయిక మార్నీ బెదిరిపోయి కడుక్కోవడానికి పరుగెడుతుంది. తెర మొత్తం ఎర్రగా కమ్ముకుంటుంది. పక్కవాళ్ళకు అది సిరా, ఆమెకు నెత్తురు.

తెలుగు మాస్టారు:
అమ్మా, భావం మిక్కిలి బాగున్నది. 'బొట్టు, / ఎఱ్ఱ' విసంధి, అంటే సంధి జరగవలసిన చోట జరగలేదు. 'దిగెను జుక్క, / యెఱ్ఱసిర యది' అంటే యడాగమంతో సరిపోతుంది. యతికి ఇబ్బంది లేదు.

పాత రీలు:
సమస్యలో 'దిగకుండ' ఉంది, మీ మొదటి పాదంలో 'దిగెను' ఉంది. కత్తి దిగలేదు, చుక్క దిగింది. ఆ జోడింపు ఊరికే రాదు. ఇంకోటి: నా పద్యం నలుపు తెలుపు లేకపోతే నిలవదు, మీది రంగు లేకపోతే నిలవదు. నాలుగేళ్ళ తేడాలో ఒకే దర్శకుడు నెత్తురును ఒకసారి రంగు తీసేసి నమ్మించాడు, ఇంకోసారి వట్టి రంగుతోనే భయపెట్టాడు.

కృష్ణాతీరం:
నాకు నచ్చింది 'పాత గాయము'. ఆ గాయానికి మూలం చిన్నప్పటి రాత్రి. ఆ రాత్రి నావికుడి మీద పడిన దెబ్బ కూడా కత్తిది కాదు, నిప్పుల కడ్డీది! అంటే రెండు నెత్తుళ్ళకూ కత్తి లేదు. సమస్య రెండుసార్లు తీరింది. గోస్తని గారు కావాలనే పెట్టారా?

గోస్తని:
కావాలనే. మూడో పాదంలో కడ్డీ పేరు పెడితే చివరి రహస్యం బయటపడుతుంది. చూడనివాళ్ళు ఉంటారుగా.

మానేరు:
పడవ నడిపెడి యింతిపైఁ బక్షి యొకటి
ముక్కుతోఁ బొడిచి పోయెను మోటుగాను,
చేతి తొడుగున కంటెను జెమ్మ యెఱుపు,
కత్తి దిగకుండ నెత్తురు గారె నకట!

('ది బర్డ్స్', 1963.)

తెలుగు మాస్టారు:
రెండవ పాదంలో 'తోఁ బొడిచి' ఏ గణం మానేరు గారూ? 'పొడ్చి' అనండి, త-గణమై నిలుస్తుంది. 'మోటుగాను' యతి కోసం తెచ్చిన మాట.

పాత రీలు:
'చేతి తొడుగు' మాత్రం సరిగ్గా చూసి రాశారు. నుదురు తడిమి చూసుకుంటే తొడుగు వేలి మీద ఎరుపు కనిపిస్తుంది. ఆ ఒక్క చుక్కతోనే సినిమా గతి మారుతుంది.

కృష్ణాతీరం:
సమస్య నెత్తురు అడిగింది కాబట్టి పడవకు పోయారు. ఆ సినిమాలో గొప్ప చోటు మాత్రం బడి బయటి బెంచీ. లోపల పిల్లలు పాడుతుంటారు. నాయిక సిగరెట్ కాలుస్తూ కూర్చుంటుంది. వెనక పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప చట్రం మీద ఒక కాకి వాలుతుంది, తరువాత ఇంకొన్ని. మనకు కనిపిస్తాయి, ఆమెకు కనిపించవు. ఆపైన కెమెరా చాలాసేపు ఆమె ముఖం మీదే ఉండిపోతుంది. ఎన్ని చేరాయో మనకూ తెలియదు. చివరికి ఎగురుతున్న ఒక కాకి వెంట ఆమె చూపు తిరిగితే, చట్రమంతా నలుపు. సంగీతం లేదు. పిల్లల పాట ఎంతసేపు సాగితే అంతసేపు మనం ఊపిరి బిగబట్టాలి.

నిర్వాహకుడు:
1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రుఫోతో జరిగిన సంభాషణల్లో ఆయన చెప్పిన బాంబు లెక్క ఇదే. బల్ల కింద బాంబు ఉందని చెప్పకుండా పేలిస్తే 15 సెకన్ల ఉలికిపాటు. ముందే చెప్పి, బల్ల దగ్గర ఉన్నవాళ్ళ చేత కబుర్లు చెప్పిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. ఆ లెక్కన పాత రీలు గారి పద్యం ఉలికిపాటు మీద, కృష్ణాతీరం గారి పద్యం ఉత్కంఠ ముగిసిన క్షణం మీద ఉన్నాయి. మాస్టారూ, మీ పూరణ రాలేదు.

తెలుగు మాస్టారు:
పలుకులన్నియు మసకయై పడుచు చెవిని
కత్తి యను మాట యొక్కటే ఖణిలుమనియె;
రొట్టె కోయుచు నున్న చే బిట్టు వణఁకె,
కత్తి దిగకుండ నెత్తురు గారె నకట!

('బ్లాక్‌మెయిల్', 1929.) మూకీగా మొదలుపెట్టి మాటల సినిమాగా మార్చినది. రాత్రి హత్య చేసి వచ్చిన అమ్మాయి ఉదయం ఫలహారం దగ్గర కూర్చుంటుంది. పొరుగామె కబుర్లన్నీ గొణుగుడుగా కలిసిపోయి, 'నైఫ్' అన్న ముక్క ఒక్కటే స్పష్టంగా తగులుతుంది. నాయిక వేషం వేసిన ఆనీ ఓండ్రాకు చెక్ యాస ఉండటం వల్ల ఆమె పెదవులు మాత్రం కదుపుతుంటే, కెమెరాకు అందని చోట నిలబడి జోన్ బారీ మాటలు చెప్పింది. తరువాత గొంతు అతికించే వీలు అప్పటికి లేదు.

మానేరు:
మాటే కత్తి అయింది. నా ఓటు దీనికే.

పాత రీలు:
మొదటి రెండు పాదాలకు నమస్కారం. 'ఖణిలుమనియె' విన్నాక ఆ దృశ్యం మళ్ళీ చూడక్కరలేదు. అన్వయం మూడో పాదంలో తెగింది. ఆమె చేతిలోంచి రొట్టె కత్తి ఎగిరిపడుతుంది గానీ ఎవరికీ తెగదు. మరి నెత్తురు ఎవరిది, ఎక్కడిది? షరతులో రెండో సగం అదే గదా. ద్రుతం దగ్గర నన్ను ఆపినవారు ఇది ఎలా వదిలేశారు? ఇలా ఉంటే:

కత్తి యను మాట యొక్కటే ఖణిలుమనుచు
గుండెలోపలి గాయంబు గుచ్చి రేఁప

గాయం రాత్రిది. రేపింది మాట. నెత్తురుకు చోటు దొరికింది.

కృష్ణాతీరం:
సవరణ బాగుంది. పాత రీలు గారు తన పద్యం కన్నా ఎదుటివాళ్ళ పద్యాన్ని బాగా రాస్తారని ముందే అన్నాను.

తెలుగు మాస్టారు:
రొట్టె-బిట్టు ప్రాసయతి పోతుంది, పోనీండి. అన్వయం నిలిచింది. ఆ రెండు పాదాలనే ఉంచండి.

నిర్వాహకుడు:
ఉంచాను. గోస్తని గారి పద్యంలో 'జుక్క, / యెఱ్ఱ', మానేరు గారి పద్యంలో 'బొడ్చి' కూడా సవరించాను. ఈ వారం మొదటి స్థానం గోస్తని గారిది. కత్తి లేకపోవడానికీ నెత్తురు కారడానికీ ఒకే కారణం చూపిన పూరణ అదొక్కటే. పాత రీలు గారి రెండో పాదం, సవరణతో మాస్టారి రెండో పాదం విడిగా భద్రపరిచే జాబితాలోకి వెళ్తాయి.

వచ్చే సమస్య:

శవము దాచిన పెట్టెపై జరిగె విందు

ఇది 'రోప్' (1948) కథ అని అందరికీ తెలుసు, కాబట్టి కథ చెప్పి ఊరుకుంటే చాలదు. 80 నిమిషాల సినిమాను ఒక్కో రీలు 10 నిమిషాలకు మించకుండా, ఆపకుండా తీయడానికి చక్రాల మీద జరిగే గోడలు, కిటికీ బయట పొద్దుగూకుతున్న న్యూయార్కు, గాజుపీచుతో చేసిన మబ్బులు పెట్టారు. వీటిలో ఏదో ఒకటి పూరణలోకి రావాలి.

తెలుగు మాస్టారు:
శ-జ యతి చెల్లుతుంది, ముందే చెబుతున్నాను. దాని మీద ఎవరూ రావద్దు.

కృష్ణాతీరం:
పాత రీలు గారూ, గోడలు మీకు, మబ్బులు నాకు.