టీవీ వెనక గోడకి స్పాంజ్ డిజైన్, నేనే వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడలో ఫ్లాట్. హాల్లో పదడుగుల గోడకి లేత గోధుమ రంగు మీద ఇటుక రంగు స్పాంజ్‌తో అద్దుదామని ఉంది. ముందు అట్టముక్క మీద వేసి చూస్తే పాన్ ఉమ్మినట్టు వచ్చింది! మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. ఎక్కడ తప్పు చేశానండీ?

జవాబు 1: స్పాంజ్‌ని రంగులో ముంచేసి ఉంటారు, మొదట్లో నేనూ అంతే. ముందు నీళ్లలో తడిపి గట్టిగా పిండండి. పళ్లెంలో పల్చగా రంగు పోసి పైపైన అద్ది, పాత పేపర్ మీద రెండుసార్లు ఒత్తి, అప్పుడు గోడకి. ప్రతిసారీ మణికట్టు కాస్త తిప్పాలి. లేదంటే ఒకే ముద్ర వరసగా పడి రబ్బరు స్టాంపు కొట్టినట్టుంటుంది. మూలలకి చిన్న ముక్క కత్తిరించుకోండి. ఇటుక రంగు మరీ ముదురు, కొంచెం గోధుమ రంగు కలిపితే కలిసిపోతుంది.

జవాబు 2: గోడకి అవతల బాత్రూమ్ ఉందా? మేం చెమ్మ చూసుకోకుండా వేశాం. ఆర్నెల్లకే పొక్కులు లేచి, గోరు తగిలితే పుట్టీతో సహా ఊడొచ్చింది.

ప్రశ్న వేసినవారు: బాత్రూమే అండీ! అయితే ముందు ప్లంబర్‌ని పిలుస్తా.