సేవా కార్యక్రమం చదువులో భాగం కావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (గణిత ఉపాధ్యాయుడు):
నిరుడు మా తొమ్మిదో తరగతి పిల్లలతో రెండు శనివారాలు ఒక పార్కును శుభ్రం చేయించాము. పని ఉత్సాహంగానే చేశారు గానీ, నివేదిక రాయమంటే దాదాపు అందరూ “సేవ చేయడం వల్ల ఆత్మసంతృప్తి కలిగింది” అన్న ఒక్క వాక్యాన్నే అటూ ఇటూ మార్చి రాశారు. నెల తిరక్కముందే పార్కు మళ్లీ మొదటికొచ్చింది. చదువు మీద ఆసక్తి సన్నగిల్లిన పిల్లలను సర్వీస్ లెర్నింగ్ (సేవను పాఠంతో ముడిపెట్టి నేర్పే పద్ధతి) ద్వారా తిరిగి పాఠం వైపు మళ్లించవచ్చని విన్నాను. మేము చేసింది అదేనా? కాకపోతే తేడా ఎక్కడుంది?

మొదటి సమాధానం (సైన్సు ఉపాధ్యాయిని):
మాస్టారూ, మీరు చేయించినది శ్రమదానం. అది మంచి పనే, కాకపోతే దానికి పాఠంతో ముడి పడలేదు. 1967 ప్రాంతంలో అమెరికాలో రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సే సర్వీస్ లెర్నింగ్ అనే మాటను వాడుకలోకి తెచ్చినప్పుడు, సేవ, చదువు రెండూ ఒకదానికొకటి ఆసరాగా నిలవాలన్నదే వారి ఉద్దేశం.

మా బడిలో ఒకసారి కారుతున్న కుళాయిలను తీసుకున్నాము. ఒక అబ్బాయి కుళాయి కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. అది నిండడానికి 40 నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి 5 మిల్లీలీటర్లు, రోజుకు 7.2 లీటర్లు. మామూలుగా లెక్కల పీరియడ్‌లో తల ఎత్తని ఆ పిల్లవాడే బోర్డు దగ్గరికి వచ్చి గుణకారం చేసి, “ఇది నేను కొలిచిన లెక్క” అన్నాడు. పిల్లలు ఆ అంకెలు పట్టుకుని ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికి వెళ్లాక వాషర్లు మార్చారు. నివేదికలో “ఏమనిపించింది?” అని అడగకుండా “ముందు ఏమనుకున్నారు, కొలిచాక ఏం తేలింది, ఇంకా ఏం తెలియాలి?” అని అడిగాను. అరిగిపోయిన వాక్యాలు వాటంతట అవే తగ్గాయి.

సెలియో, డర్లాక్, డిమ్నికి అనే పరిశోధకులు 2011లో 62 అధ్యయనాలను, 11,837 మంది విద్యార్థుల ఫలితాలను కలిపి పరిశీలించారు. చదువు పట్ల వైఖరి, సామాజిక నైపుణ్యాలు, మార్కులు మెరుగుపడినట్టు అందులో తేలింది. పాఠ్యాంశంతో ముడి, పిల్లల మాటకు విలువ, సమాజ భాగస్వామ్యం, చేసిన పనిపై పునరాలోచన ఉన్నచోట ఫలితాలు ఇంకా బాగున్నాయి.

రెండో సమాధానం (కళాశాల అధ్యాపకుడు):
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. దీన్ని గంటల లెక్కగా మార్చకండి. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో హైస్కూలు పూర్తి చేయాలంటే 75 గంటల సేవ, లేదా జిల్లా రూపొందించుకున్న ప్రత్యామ్నాయ కార్యక్రమం తప్పనిసరి. 1997లో ఉత్తీర్ణులైన వారితో ఈ నిబంధన అమలులోకి వచ్చింది. నిబంధన ఉన్నంత మాత్రాన చెడు జరుగుతుందని నేననను. అయితే స్టూకస్, స్నైడర్, క్లేరీ 1999లో ప్రచురించిన పరిశోధనలో, తమంతట తాము సేవకు ముందుకు రాని విద్యార్థులను బలవంతపెడితే, ఎంపిక వారికే వదిలినప్పటికంటే, మున్ముందు సేవ చేయాలన్న ఉద్దేశం తగ్గిందని తేలింది. కాబట్టి కార్యక్రమం తప్పనిసరైనా, ఏ సమస్య తీసుకోవాలి, ఎవరు ఏ పని చేయాలి అన్నది పిల్లలే తేల్చుకోవాలి. హాజరుపట్టీలో సంతకం కోసం వచ్చేవాడు సంతకం పెట్టగానే ఇంటిదారి పడతాడు.

మూడో సమాధానం (వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నాను):
మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. సేవ ఎలా ఉండాలన్నది సేవ పొందేవారి చేతుల్లోనే ఉండాలని సిగ్మన్ 1979లోనే రాశారు. మా దగ్గరికి వచ్చే విద్యార్థి బృందాలు పాటలు పాడి, పండ్లు పంచి, ఫొటోలు దిగి వెళ్లిపోతాయి. ఒకసారి ఒక అమ్మాయి మాత్రం “మీకేం కావాలి?” అని అడిగింది. బ్యాంకు నుంచి వచ్చిన కాగితం చదివి అర్థం చెప్పేవారు కావాలని ఒక పెద్దాయన అన్నారు. ఆమె వారం వారం వచ్చి చదివిపెడుతూ, వడ్డీ లెక్క ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన రిటైరైన గుమాస్తా.

ప్రశ్న వేసినవారు:
ముగ్గురికీ ధన్యవాదాలు. ఈసారి చీపుర్లు పట్టుకునే ముందు, పార్కుకు రోజూ వచ్చేవారిని, అక్కడ ఊడ్చే కార్మికులను పిల్లలే వెళ్లి అడగాలని అనుకుంటున్నాను. ఏ చెత్త ఎక్కడ, ఏ వేళకు పోగవుతుందో రెండు వారాలు తూచి నమోదు చేస్తే, మా సాంఖ్యకశాస్త్రం పాఠానికి దత్తాంశాలు కూడా సిద్ధమవుతాయి. సైన్సు మేడమ్ గారూ, మీ మూడు ప్రశ్నలను వాడుకుంటున్నాను.