వరిలో బిస్పైరిబాక్ కలుపు మందు కొట్టినా ఊద గడ్డి చావట్లేదు, ఏం చెయ్యాలి?

చీపురుపల్లి రైతు: పొద్దున్నుంచి చేలోనే ఉన్నాను, బుర్ర పనిచెయ్యడం లేదు. బిస్పైరిబాక్ సోడియం ఎకరాకు 100 మిల్లీలీటర్లు కొట్టించి వారమైంది. ఊద పచ్చగా నవనవలాడుతోంది, వరి కన్నా ఎత్తు లేచింది. కల్తీ మందా? ఇప్పుడేం కొట్టాలి? తొందరగా చెప్పండి.

నరసన్నపేట: ఎదా (విత్తనం జల్లిందా), ఉభాలా (నారు నాటిందా)? ఎన్నాళ్ల చేను? కొట్టినప్పుడు మడిలో నీరుందా?

గజపతినగరం పెద్దాయన: బాబూ, వేసవి దుక్కులు మానేశాం, అక్కడే మొదలైంది ఇదంతా. చివకని పెంట తోలితే అందులో కలుపు గింజలన్నీ చేలోకే వస్తాయి. ఓ తడికి కలుపును మొలవనిచ్చి, దున్నేసి, అప్పుడు ఎద జల్లితే సగం బాధ తీరును. వరసల్లో 25 సెంటీమీటర్ల ఎడంతో నాటుకుంటే కలుపు తీసే కోనో వీడర్ వరసల మధ్య తిప్పుకోవచ్చు. గడ్డి బురదలో కలిసి ఎరువవుతుంది.

చీపురుపల్లి రైతు: వచ్చే ఏటి మాట సరే పెద్దాయనా, ఇప్పటి సంగతి చెప్పండి. ఎదే, జల్లి నెల దాటింది. తోటపల్లి కాలువ నీరు చీలమండ దాకా ఉంది, అందులోనే కొట్టించాను.

నరసన్నపేట: అదీ సంగతి. మందు కలుపు ఆకు మీద పడాలి. నీరు తీసి కొట్టి, రెండు మూడు రోజులకు మళ్లీ కట్టాలి. అదీ కలుపు 2-4 ఆకులప్పుడు. ముదిరాక లొంగదు.

ఆమదాలవలస: అసలది ఊదేనా? ఆకు కాడను కలిసేచోట విప్పి చూడండి. వరికి అక్కడ తెల్లటి పొర, నూగు ఉంటాయి. ఊదకు ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. పొర కనిపిస్తే వేరే గడ్డి. బిస్పైరిబాక్‌కు లొంగని రకాలున్నాయి.

గజపతినగరం పెద్దాయన: పైరును మించి లేచిందంటే ఊదే. మా వైపు చిన్నపిల్లలైనా చెబుతారు.

ఆమదాలవలస: ఎత్తు చూసి చెప్పకూడదండీ, గడ్డి తేడా అయితే మందూ తేడా అవుతుంది.

బొబ్బిలి: గ్లైఫోసేట్ కొట్టెయ్యన్నా, మొత్తం పోతుంది.

నరసన్నపేట: వరి కూడా పోతుంది. కొట్టొద్దు.

ఆమదాలవలస: 2,4-డి కూడా వద్దు. అది వెడల్పాకు కలుపుకీ తుంగకీ గానీ ఊదకి కాదు. పైగా పక్క చేలో వంగ, టమాటా ఉంటే గాలికి తగిలి ఆకులు మెలికలు తిరిగిపోతాయి. కంకి వెయ్యకముందే కూలీలతో పీకించండి, గింజ రాలనివ్వొద్దు.

చీపురుపల్లి రైతు: పొర లేదు, ఊదే. కూలీలకి చెప్పాను. థాంక్స్ అన్నా.