చేత్తో కార్డులు చేయడానికి ఇంత టైమ్, ఇన్ని పైసలు పెట్టొచ్చా? మెషిన్ కొనాలా వద్దా?

రంగుకాగితం, నల్లగొండ

అందరికీ నమస్కారం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పుట్టినరోజులకు, పెళ్ళిరోజులకు, పండుగలకు నా చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసి ఇస్తుంటాను. క్విల్లింగ్ (సన్నటి కాగితం పట్టీలు చుట్టి బొమ్మలు చేయడం) వచ్చు, రబ్బరు స్టాంపులతో అచ్చు వేస్తాను, ఈ మధ్య ఎండిన పూలు కూడా అతికిస్తున్నాను. ఒక్కో కార్డుకు రెండు మూడు గంటలు పడుతుంది. పిల్లలు పడుకున్నాక రాత్రిపూట కూర్చుంటాను.

ఇప్పుడు డై కటింగ్ మెషిన్ మీద మనసు పడింది. చేత్తో తిప్పే రకం. పూలు, ఆకులు, అక్షరాలు నీట్‌గా తెగుతాయి. కానీ మెషినే వేలల్లో ఉంది, డైలు (కాగితాన్ని ఆకారంలో కోసే అచ్చులు) మళ్ళీ వేరే కొనాలి. ఇంట్లో మాట ఎత్తితే మా మరిది "వదినా, వాట్సాప్‌లో పంపితే పైసా ఖర్చు లేదు. చేస్తే బిజినెస్ లెక్క చెయ్యి, లేకుంటే మానెయ్యి" అన్నాడు. మా ఆయన ఏమీ అనలేదు.

ఈ పని చేస్తున్నంతసేపు నా మనసు నిమ్మళంగా ఉంటుంది. కానీ నా జీతం చిన్నది, అందుకే మరిది మాటను తీసిపారేయలేకపోతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కలసారు, మిర్యాలగూడ

మొహమాటం వద్దన్నారు కాబట్టి నేరుగానే చెప్తున్నాను మేడమ్. ముందు బిజినెస్ సంగతి. మందం పేపరు, కవరు, క్విల్లింగ్ స్ట్రిప్పులు, జిగురు, ముత్యాల స్టిక్కర్లు, ఇంకులో వాటా కలిపితే కార్డుకు 50 రూపాయలు అనుకుందాం. మూడు గంటల పని. 2025-26లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38. మూడు గంటలకు 115. అంటే మట్టి పని కూలి లెక్కన చూసినా మీ కార్డు 165 రూపాయలకు అమ్మాలి. మన ఊళ్ళల్లో ఆ ధరకు ఎంతమంది కొంటారు? మీ మరిది చెప్పిన బిజినెస్ అయ్యే పని కాదు.

ఇక హాబీ సంగతి. ఇందులో డబ్బు పోయేది కార్డుల మీద కాదు, సామాను మీద. డిజైన్ టేపులు, స్టిక్కర్ షీట్లు, కొత్త రంగు ఇంకు, "ఆఫర్‌లో ఉంది" అని కొన్న కిట్టు. సగం విప్పకుండానే అల్మారాలో ఉంటాయి. ఇప్పుడు మెషిన్ వస్తే డైలు నెలనెలా వస్తాయి. పిల్లల ఫీజులు కట్టే ఇంట్లో ఇది చిన్న ఖర్చు కాదు. పైగా పొద్దున లేచి స్కూలుకు వెళ్ళాల్సిన మనిషి రాత్రి నిద్ర మానుకుని చేసే పని. నా మాట అయితే మెషిన్ వద్దు, కార్డులు కూడా ఏడాదికి నాలుగైదు చాలు.

వనపర్తి నాన్న

సార్, వాట్సాప్‌కు పైసా ఖర్చు లేదనే మాట మీద నాకొకటి చెప్పాలనిపించింది. మా పాప గురుకులంలో తొమ్మిదో తరగతి. అక్కడ పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. మేము ఎంత మంచి వీడియో పంపినా పాపకు అందదు. వాళ్ళ మేనత్త చేసి పంపిన కార్డులు మాత్రం అందుతాయి. ఇనుప పెట్టె మూతకు లోపలివైపు వరుసగా అతికించుకుంది. పెట్టె తెరిచినప్పుడల్లా కనపడతాయి. గురుకులాల్లో, హాస్టళ్ళలో ఉండి చదివే పిల్లలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకు చేతిలో పట్టుకునేది ఏదైనా పంపాలంటే ఉత్తరం, కార్డు తప్ప ఇంకేముంది?

లెక్కలసారు, మిర్యాలగూడ

అన్నా, ఉత్తరం రాయొద్దని నేను అనలేదు. పోస్టుకార్డు 50 పైసలు, ఇన్‌ల్యాండ్ లెటర్ రెండున్నర రూపాయలు. పాపకు కావాల్సింది మేనత్త రాసిన నాలుగు మాటలు. ముత్యాలు, టేపులు లేకపోతే ఆ మాటల విలువ తగ్గుతుందా?

వనపర్తి నాన్న

తగ్గదు సార్. కానీ పాపకు నెమలి ఇష్టమని గుర్తుపెట్టుకుని, నీలం కాగితం కత్తిరించి నెమలి చేసి పంపింది మా చెల్లె. తొమ్మిదో తరగతి పిల్లకు అది కూడా మాట లెక్కనే అర్థమైంది.

కొల్లాపూర్ మామిడి

తీసుకునేవాళ్ళ వైపు నుంచి కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నా ఫ్రెండ్ ఒకామె ప్రతి సందర్భానికీ కార్డు ఇస్తుంది. బాగుంటాయి. కానీ పడేయబుద్ధి కాదు, దాచడానికి కిరాయి ఇంట్లో చోటు లేదు. తిరిగి నేను ఏమీ చేసి ఇవ్వలేకపోతున్నానని గిల్టీగా కూడా ఉంటుంది. అక్కా, స్టాఫ్‌రూమ్‌లో అందరికీ, అపార్ట్‌మెంట్‌లో అందరికీ చేయకండి. ఎవరికైతే అది నిజంగా కావాలో వాళ్ళకే చేయండి. టైమ్, పైసలు సగం అక్కడే మిగులుతాయి.

ప్రెస్‌పని, మహబూబ్‌నగర్

మాది పాలమూరులో పెళ్ళికార్డుల ప్రెస్. లెక్కలసారు చెప్పిన బిజినెస్ లెక్క కరెక్టే. అచ్చు పనిలో ప్లేటుకు, మెషిన్ సెట్టింగ్‌కు అయ్యే ఖర్చు ఐదు వందల కార్డుల మీద పరుచుకుంటుంది, అందుకే కార్డు చౌకగా పడుతుంది. చేతిపనిలో మొదటి కార్డుకు ఎంత కష్టమో వందో కార్డుకూ దాదాపు అంతే. ధరలో మాతో పోటీ పడలేరు.

కానీ అసలు ఆ పోటీ ఎందుకు? 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన మొదటి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించాడు. అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక ఆయనకు లేదు. హార్స్లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించి దాదాపు వెయ్యి కాపీలు తీయించాడు. అచ్చు కార్డు పుట్టిందే టైమ్ మిగుల్చుకోవడానికి. చేత్తో చేసే కార్డులో ఇచ్చేదే టైమ్. అది ఎవరికి ఇస్తున్నామన్నది చూసుకోవాలి, ఆ విషయంలో కొల్లాపూర్ నుంచి రాసిన వాళ్ళ మాట నాకు నచ్చింది.

ఇక మెషిన్. అక్కా, డై అంటే మేము కూడా వాడతాం, ఒకే ఆకారం వందల సంఖ్యలో కావాల్సినప్పుడు. మీరు చేసేవి ఒకటి పెద్దమ్మకు, ఒకటి కొలీగ్‌కు, ఒకటి పిల్లకు. డై కొంటే అందరి కార్డుల మీదా అదే పువ్వు వస్తుంది. మంచి చిన్న కత్తెర, పేపర్ కట్టర్ బ్లేడు, స్టీలు స్కేలు ఉంటే మీ పనికి చాలు.

పేపరు గురించి తెలిస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది. జిరాక్స్ పేపరు 70, 75 జీఎస్ఎం (చదరపు మీటరు పేపరు బరువు, గ్రాముల్లో) ఉంటుంది. కార్డుకు 220 నుంచి 300 కావాలి. చాలామంది కార్డు మడిచిన చోట పగిలి తెల్లగా తేలితే పేపరు నాసిరకం అనుకుని ఇంకా ఖరీదైనది కొంటారు. చాలాసార్లు తప్పు పేపరుది కాదు. మిల్లులో తయారయ్యేటప్పుడు పేపరులో పీచు ఒకవైపు సాగి ఉంటుంది, మేము గ్రెయిన్ అంటాం. గ్రెయిన్ వెంట మడిస్తే గీత శుభ్రంగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. షీటును మడవకుండా ఊరికే రెండువైపులా వంచి చూడండి, ఏ వంపు సులువుగా వస్తే ఆ వంపు గీత వెంటే గ్రెయిన్ ఉన్నట్టు. తర్వాత స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత గీసి, ఆ గీత మీద మడవండి. ఫెవికాల్‌లో నీళ్ళుంటాయి కాబట్టి పలచటి కాగితానికి నిండా పూస్తే ముడతలు పడుతుంది. అక్కడ డబుల్ సైడ్ టేపు వాడండి.

పేపరును మీరు ఏ4 లెక్కన ప్యాకెట్లలో కొంటున్నట్టున్నారు. ప్రెస్‌కు వచ్చేవి పెద్ద షీట్లు. కార్డు సైజుకు కోసినప్పుడు పక్క ముక్కలు చాలా మిగులుతాయి. మందం బోర్డు, మెరుపు బోర్డు, రంగురంగులవి. మేము వాటిని కిలోల లెక్కన పాత కాగితాలకు వేస్తాం. మీ చిన్న కార్డులకు, క్విల్లింగ్ కింద వేసే బేస్‌కు అవి బంగారం. హైదరాబాద్ వెళ్తే ఛత్తా బజార్‌లో ప్రెస్‌లన్నీ ఒకేచోట ఉంటాయి, అక్కడ ఖాళీ కార్డులు, కవర్లు హోల్‌సేల్‌కు దొరుకుతాయి.

దూది_దారం, పుట్టపాక

లెక్కలసారూ, మీ లెక్కలో ఒక విషయం నాకు కష్టంగా అనిపించింది. చేతిపని చేసే ఆడమనిషి గంటను మట్టి పని కూలితో ఎందుకు కట్టారు? మట్టి పనిని నేను తక్కువ చేయడం లేదు. కానీ చేతిలో ఉన్న నేర్పుకు ధర లేదన్నట్టు అయింది. మాది మగ్గం ఇల్లు. తేలియా రుమాల్ నేసే ఊరు మాది, 2020లో జీఐ (ఫలానా ఊరి ప్రత్యేకమైన సరుకు అనే గుర్తింపు) వచ్చింది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఆ తర్వాత దారం మీద లెక్కపెట్టి ముడులు కట్టి రంగు అద్దుతారు. అంతా చూసి కూడా "మిషన్‌ది ఇంతకే వస్తుంది గదా" అని బేరం ఆడే వాళ్ళను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మా అమ్మ మగ్గం దిగి వాళ్ళతో మాట్లాడటం, చివరికి తగ్గించి ఇవ్వడం కూడా చూశాను.

అందుకే రంగుకాగితం అక్కకు నా మాట ఒక్కటే. అమ్మితే పూర్తి ధరకు అమ్ము, లేకపోతే ఊరికే ఇవ్వు. ముప్పైకి, నలభైకి మాత్రం అమ్మకు. "సరదాకు చేస్తున్నా, సామాను ఖర్చు వస్తే చాలు" అని నువ్వు అన్నావంటే, అదే పని మీద బతికే ఇంకో అమ్మాయి ధర కూడా అక్కడే పడిపోతుంది.

ఇంకొకటి. కార్డుల మీద ఇక్కత్ ముక్కలు అతికించేవాళ్ళు ఉంటారు. దానికోసం కొత్త గుడ్డ కోయకండి. టైలర్ దగ్గర బ్లౌజు కత్తిరింపులు అడగండి. ముక్క వెనకాల పలచటి కాగితం అతికించి ఆరాక కోస్తే అంచు దారాలు లేవవు.

లెక్కలసారు, మిర్యాలగూడ

అమ్మా, కనీస కూలి లెక్కలోనే 165 అవుతుందంటే, నేర్పు ధర కలిపితే ఇంకా పెరుగుతుందనే నా ఉద్దేశం. చేతిపనిని తక్కువ చేయాలని రాయలేదు. కానీ "పూర్తి ధర" అడగండి అనడం సులువు. ఆ ధర ఇచ్చేవాళ్ళు లేని ఊళ్ళో ఆమె ఏం చేయాలి?

దూది_దారం, పుట్టపాక

అమ్మకుండా ఉండాలి సార్. ఇష్టమైనవాళ్ళకు ఇచ్చుకోవాలి. ఆడవాళ్ళు ఇంట్లో ఏ పని ఇష్టంగా చేసినా "అమ్ముకోవచ్చు గదా" అని ఎందుకు అడుగుతారు? ఆమె మరిది క్రికెట్ ఆడితే ఎవరైనా అలా అడిగారా?

తంగేడు, నాగర్‌కర్నూల్

పూల గురించి ఎవరూ రాయలేదు. బతుకమ్మ రోజుల్లో గట్ల మీద దొరికే గునుగు ఎండినా రంగు బాగా నిలుస్తుంది, కార్డుకు దానికన్నా మంచిది లేదు. బంతిపువ్వు మందం, పూర్తిగా పెడితే నల్లబడుతుంది, రేకులు విడదీసి పెట్టాలి. పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి, మొదటి కొన్ని రోజులు పేపర్లు మారుస్తూ ఉండండి, లేకపోతే బూజు పడుతుంది. దీనికి ఒక్క రూపాయి కూడా ఖర్చు లేదు.

పాత పోస్టుమ్యాన్, దేవరకొండ

బిడ్డా, పోస్టులో పంపేటట్టయితే బరువు చూసుకో. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకు ఇంకో 5. ఏ4 షీటు 300 జీఎస్ఎం అయితే షీటే దాదాపు 19 గ్రాములు. కవరు పెట్టగానే 20 దాటుతుంది. అదే షీటును సగం చేసి చిన్న కార్డు మడిస్తే తొమ్మిదిన్నర గ్రాములే, పువ్వులు, కవరు కలిపినా 5 రూపాయల తపాలా బిళ్ళతో పోతుంది. బిళ్ళ తక్కువ అంటిస్తే తక్కువైన దానికి రెట్టింపు అవతలివాళ్ళ దగ్గర వసూలు చేస్తారు, పుట్టినరోజు కార్డుకు ఆ పని అస్సలు బాగుండదు.

ముత్యాలు, ఎత్తుగా ఉండే పూలు కవరు మీద బిళ్ళ ఉండే మూలకు రాకుండా చూడు. అక్కడ ముద్ర గట్టిగా పడుతుంది, నలుగుతాయి. కార్డు లోపల పెట్టకముందే కవరు మీద అడ్రసు రాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి ఎక్కడిదాకా పోయిందో తెలియాలంటే స్పీడ్ పోస్టే చేయాలి, ఖర్చు ఎక్కువ.

ఒకప్పుడు డిసెంబర్ ఆఖరు వచ్చిందంటే గ్రీటింగ్ కార్డుల సంచులు మోయలేకపోయేవాళ్ళం. అన్నీ దుకాణంలో కొన్నవే, సినిమా హీరోలవి, గులాబీలవి. చేత్తో చేసిన కార్డు ఎప్పుడో ఒకటి వచ్చేది. అది ఇచ్చినప్పుడు మా ముందరే కవరు చించి చూసేవాళ్ళు.

రంగుకాగితం, నల్లగొండ

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు చాలా సంతోషం. మెషిన్ కొనడం లేదు. లెక్కలసారు ఖర్చు చెప్పినప్పటికన్నా, ప్రెస్ అన్న "అందరి కార్డుల మీదా అదే పువ్వు" అన్నప్పుడు నాకు గట్టిగా తగిలింది. అమ్మను కూడా. పుట్టపాక చెల్లె రాసింది మా మరిదికి చదివి వినిపించాను, ఆయన ఏమీ మాట్లాడలేదు, మా ఆయన మాత్రం "నీకు నచ్చినట్టు చేసుకో" అన్నాడు. స్టాఫ్‌రూమ్ అందరికీ చేయడం మానేసి, మా పిన్ని మనవరాలు గురుకులంలో ఉంది, ఆ పిల్లకు నెలకొకటి పంపుదామనుకుంటున్నాను. కొత్త సామాను మాత్రం ఉన్నది అయిపోయేదాకా కొనను.

ప్రెస్ అన్నా, ఆ కటింగ్ ముక్కలు నల్లగొండలో అడిగితే ఇస్తారా? ఏమైనా అనుకుంటారేమో.

లెక్కలసారు, మిర్యాలగూడ

మంచి నిర్ణయం మేడమ్. రాత్రి నిద్ర సంగతి మాత్రం మీరు జవాబు ఇవ్వలేదు. దాని మీద నేను ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. ఆదివారం పగలు చేసుకోండి, పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

ప్రెస్‌పని, మహబూబ్‌నగర్

ఏమీ అనుకోరు అక్కా. ఏ ప్రెస్‌లోనైనా కటింగ్ మెషిన్ పక్కన ముక్కల సంచి ఉంటుంది. మధ్యాహ్నం పని తక్కువ ఉన్నప్పుడు వెళ్ళి, కిలోకు పాత కాగితాలవాడు ఎంత ఇస్తాడో అంతకన్నా కొంచెం ఎక్కువ ఇస్తానని అడగండి. పెళ్ళిళ్ళ సీజన్‌కు ముందు వెళ్తే మెరుపు బోర్డు ముక్కలు ఎక్కువ దొరుకుతాయి. చేతులకు జాగ్రత్త, కోసిన బోర్డు అంచు బ్లేడులా కోస్తుంది.